వెండి గ్రహం

పోయిన ఏడాది అర్ధ సంవత్సర పరీక్షలో ఆరో తరగతి సైన్సు పేపరుకు ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను. సూర్యుడి నుంచి రెండో గ్రహం పేరు రాయండి. ఒక్క మార్కు ప్రశ్న. ఒక పిల్లవాడు ‘వెండి’ అని రాశాడు. ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన సున్నా చుట్టి, తర్వాతి పేపరు తీశాను. అర నిమిషం కూడా ఆలోచించలేదు.

పేపర్లు ఇచ్చిన రోజు వాడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మార్కుల కోసం పట్టుబట్టే రకం కాదు. మెల్లగా అడిగాడు.

“సార్, ఇది తప్పా?”

“తప్పే కదరా. శుక్రుడు అని క్లాసులో చెప్పాను కదా.”

“తమిళయ్యా వెళ్ళి అన్నారు సార్. వెళ్ళి అంటే వెండే కద సార్? మా అవ్వ కడియాలు వెళ్ళితో చేసినవే.”

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే వాడికి వెంటనే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం కడంబూరు స్టేషన్లో ప్యాసింజరు కోసం కూర్చుని, చేతిలో బోళి పొట్లం పెట్టుకుని, అదే ఆలోచించాను. వాడు తమిళంలో నేర్చుకున్న మాటను తెలుగులోకి తెచ్చుకున్నాడు. ఆ పని చేయడం మనమే నేర్పుతాం. చేసినందుకు సున్నా కూడా మనమే వేస్తాం.

అసలు వాడి తర్కంలో లోపం లేదు. తమిళ ‘వెళ్ళి’, మన ‘వెండి’ ఒక్క వేరు నుంచి మొలిచిన మాటలే. వెళ్ అంటే తెలుపు. గోడకు వేసే వెల్ల అక్కడిదే. తెల్లగా మెరిసే లోహానికి తెలుగువాడూ తమిళుడూ ఆ వేరు మీదే పేరు పెట్టారు. తమిళుడు ఇంకో అడుగు వేసి, తెల్లవారుజామున తూర్పున తెల్లగా మెరిసే గ్రహానికీ అదే పేరు పెట్టాడు, ఆ గ్రహం పేరిటి రోజుకూ పెట్టాడు. వెళ్ళిక్కిళమై అంటే శుక్రవారం. తెలుగువాడు ఆ గ్రహాన్ని వేకువన చూస్తే వేగుచుక్క అన్నాడు, పంచాంగంలో చూస్తే శుక్రుడు అన్నాడు. తమిళంలో విడివెళ్ళి అన్నా మన వేగుచుక్క అన్నా ఒకటే అర్థం. అంటే పిల్లవాడు రాసిన ‘వెండి’కి కొంచెం పక్కనే మన సొంత తెలుగు పేరు ఉంది. దాన్ని నేను ఆ ఏడాది ఒక్కసారి కూడా క్లాసులో పలకలేదు.

2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక మన బళ్లలో పిల్లలందరూ తమిళం చదువుతున్నారు. దాని మంచి చెడ్డల గురించి ఈ పేజీలోనే చాలామంది రాశారు, నేను మళ్లీ ఎత్తుకోను. చట్టం ఎలా ఉన్నా, మన పిల్లవాడి తలమీద ఇప్పుడు రెండు ఆకాశాలు ఉన్నాయి. పొద్దున మొదటి పీరియడులో పుదన్, వెళ్ళి, పువి, చెవ్వాయ్, వియాళన్, సని. మధ్యాహ్నం నా పీరియడులో బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, బృహస్పతి, శని. చివరి రెండూ మాత్రం రెండు చోట్లా యురేనస్, నెప్ట్యూన్. వాటిని మన పూర్వులు చూడలేదు కాబట్టి పేరు పెట్టలేదు. యురేనస్‌ను 1781లో విలియం హెర్షెల్ దూరదర్శినిలో పట్టుకున్నాడు, నెప్ట్యూన్ 1846లో దొరికింది. హిందీవాళ్లు వాటికి అరుణ్, వరుణ్ అని దేవతల పేర్లు పెట్టుకున్నారు. చైనావాళ్లు ఆకాశరాజు చుక్క, సముద్రరాజు చుక్క అని అర్థాన్ని తర్జుమా చేసుకున్నారు. మనం ఇంగ్లీషు మాటనే ఉంచుకున్నాం.

తమిళానికీ తెలుగుకూ ఉన్న తేడా కన్నా, తెలుగులోనే ఉన్న గందరగోళం పిల్లలకు ఎక్కువ కష్టం. అంగారకుణ్ణే తీసుకోండి. వారం పేరు మంగళవారం. పాఠంలో అంగారక గ్రహం. ఇంట్లో పెళ్లి సంబంధం మాట వచ్చినప్పుడు కుజదోషం. గుడిలో సంకల్పం చెప్పే అయ్యవారు భౌమవారం అంటాడు. ఈ నాలుగూ ఒకటేనని మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు? నేను ఎనిమిదో తరగతిలో అడిగితే ఇద్దరే చెప్పారు. వాళ్లలో ఒకమ్మాయి ఇంట్లో జాతకాలు చూస్తారు. కుజుడన్నా భౌముడన్నా భూమికి పుట్టినవాడు. అంగారకుడు అంటే నిప్పుకణంలాంటివాడు. తమిళుడు కథ జోలికి పోకుండా కంటికి కనిపించిన రంగును చెప్పాడు, ఎర్రనిది చెవ్వాయ్ అని. మన ‘చెంగావి’లో ఉన్న ఆ ‘చె’ అదే. చైనావాళ్లకు అది నిప్పు చుక్క. గ్రీకులకు, రోమన్లకు యుద్ధదేవుడు. మనవాళ్లు దానికి మంగళం అని శుభప్రదమైన పేరు పెట్టి, మళ్లీ దానికే భయపడుతున్నారు. భయపడేదానికి మంచిపేరు పెట్టడం మనకు అలవాటే లెండి, పాముకు నాగయ్య అన్నట్టు.

2014 సెప్టెంబరు 24న మన మంగళయాన్ ఆ గ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు తమిళ పత్రికలు చెవ్వాయ్ అని రాశాయి, తెలుగు పత్రికలు అంగారకుడని రాశాయి. మా ఊరి టీ కొట్టులో రెండు పత్రికలూ చదివే ఒక పెద్దాయన, రెండు వేర్వేరు చోట్లకు రెండు రాకెట్లు పోయాయా అని నన్నే అడిగారు.

బృహస్పతి సంగతి వేరు. రోమన్లకు ఆయన జూపిటర్, దేవతలందరికీ రాజు. గ్రీకులకు జ్యూస్. బాబిలోనియాలో మర్దూక్, అక్కడా దేవతల్లో పెద్దే. ఇంగ్లీషువాళ్ల గురువారం ఉత్తర దేశాల ఉరుముల దేవుడు థోర్ పేరిట ఉంది. మనకు మాత్రం దేవతల రాజు ఇంద్రుడు వేరే ఉన్నాడు. ఆకాశంలో నిండుగా, నిదానంగా వెలిగే ఆ గ్రహాన్ని మనవాళ్లు పంతులుకు ఇచ్చారు. వృత్తిరీత్యా నాకు ఈ ఏర్పాటు నచ్చుతుంది. శుక్రుడు కూడా మనకు పంతులే, అసురులకు గురువు, ఒంటికన్నువాడు, మగవాడు. రోమన్లకు ఆ గ్రహమే వీనస్, సౌందర్యదేవత. ఇంగ్లీషు మీడియంలో చదివే మేనమామ కొడుకు వీనస్ ఆడదంటాడు, మనవాడు శుక్రాచార్యుడంటాడు. పండగకు కలిసినప్పుడు ఇద్దరూ దెబ్బలాడుకుంటారు. ఇద్దరూ చూపించేది ఒకే చుక్కను.

గురువారాన్ని కోస్తావాళ్లు లక్ష్మీవారం అంటారు. రాయలసీమలో, తెలంగాణలో బేస్తవారం. బృహస్పతివారమే నోళ్లలో నలిగి బేస్తవారమైంది. తమిళంలో వియాళక్కిళమై. ఆ గ్రహం సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది కాబట్టి, రాశికి ఒక ఏడాది ఉంటుంది. మన పుష్కరాల లెక్క అదే. 2015లో సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరికి, 2016లో కన్యలోకి వచ్చినప్పుడు కృష్ణకు, 2017లో తులలోకి వచ్చినప్పుడు కావేరికి, 2018 అక్టోబరులో వృశ్చికంలోకి వచ్చినప్పుడు మన తిరునెల్వేలి తామ్రపర్ణికి. ఆ అక్టోబరులో మన పిల్లలు చాలామంది అమ్మానాన్నలతో తామ్రపర్ణికి పోయి మునిగి వచ్చారు. తమిళ ఇళ్లలో దాన్నే గురు పెయర్చి అని క్యాలెండర్లో చూసుకుంటారు. బడిలో పరిభ్రమణ కాలం అని మేము బట్టీ పట్టించేది కూడా అదే. ఈ మూడూ ఒకటని చెబితే ఆరో తరగతి పిల్లవాడి కళ్లు ఎలా విప్పారతాయో చూడాలి.

శనికీ అదే లెక్క. శనైశ్చరుడు అంటే మెల్లగా నడిచేవాడు. ఇరవైతొమ్మిదిన్నర ఏళ్లకు ఒక చుట్టు. పన్నెండు రాశులకు పంచితే రాశికి సుమారు రెండున్నర ఏళ్లు. జన్మరాశి, దాని వెనకది, ముందుది, మూడు రాశులు కలిపితే ఏడున్నర. తమిళుడు దాన్ని దాచకుండా ఏళరై శని, అంటే ఏడున్నర శని అంటాడు. మనం ఏలినాటి శని అంటాం. శని ఫలితాల మీద మీ నమ్మకం మీ ఇష్టం, దాని జోలికి నేను పోను. భాగహారం మాత్రం పిల్లలతో చేయించండి. సంగకాలపు పురనానూరులో శనికి మైమ్మీన్ అనే పేరు కనిపిస్తుంది. నల్లని చుక్క అని అర్థం. అంటే తమిళంలో శని అనే సంస్కృత పేరు స్థిరపడక ముందే ఆ గ్రహానికి సొంత పేరు ఉంది. మీన్ అంటే మెరిసేది. మన ‘మినుకు మినుకు’ కూడా ఆ బంధువే.

ఇక్కడ ఎట్టయాపురం గురించి చెప్పకపోతే తప్పవుతుంది. కోవిల్‌పట్టి నుంచి బస్సెక్కితే కాసేపట్లో ఉంటాం. అందరూ భారతి పుట్టిన ఇల్లు చూసి వస్తారు. అదే ఊళ్లో 1835లో దీపావళి నాడు ముత్తుస్వామి దీక్షితులు కన్నుమూశారు, ఆయన సమాధి అక్కడే ఉంది. తెలుగు మాతృభాషగా ఉన్న ఎట్టప్పల సంస్థానం ఆయన కుటుంబాన్ని ఆదరించింది. వారాల దేవతలు ఏడుగురి మీదా దీక్షితులు ఏడు కీర్తనలు కట్టారు. ఆదిత్యుడికి ధ్రువ తాళం, చంద్రుడికి మఠ్య, అంగారకుడికి రూపకం, బుధుడికి ఝంప, బృహస్పతికి త్రిపుట, శుక్రుడికి అట, శనికి ఏక తాళం. ఏడు రోజులకు ఏడు సూళాది తాళాలు సరిపోయాయి. తంబియప్పన్ అనే శిష్యుడికి కడుపునొప్పి వస్తే, గురుగ్రహం బాగోలేదని తేల్చి, జపం చేయలేని ఆ కుర్రవాడి కోసం బృహస్పతి కీర్తన కట్టారని సంగీతవిద్వాంసులు చెప్పుకుంటారు. కీర్తనలు సంస్కృతంలో ఉన్నాయి. కట్టినాయన తమిళదేశం వాడు. ఆయన వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలోనే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చువేయించారు, తెలుగు లిపిలో. మన బడికి బస్సు దూరంలో గ్రహాల పేర్లు తెలుగు అక్షరాల్లో అచ్చయి నూట ఇరవై ఏళ్లు దాటాయి. ఈ మాట నాకే నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది. బీఎడ్‌లో ఎవరూ చెప్పలేదు.

చంద్రుడి దగ్గర మాత్రం అన్ని భాషలూ మెత్తబడతాయి. తమిళ నిలా, మన నెల ఒకే మాట. మనం దాన్ని ముప్పై రోజులకు వాడుకుని, ఆకాశంలో నెలవంకగా మాత్రం మిగుల్చుకున్నాం. 1947 జులైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి పిల్లల పత్రిక మొదలుపెట్టినప్పుడు తెలుగులో ‘చందమామ’ అన్నారు, తమిళంలో ‘అంబులిమామా’ అన్నారు. రెండింట్లోనూ మామ ఉన్నాడు. చంద్రుడి మచ్చలో మనకు కుందేలు కనిపిస్తుంది. చైనావాళ్లకూ కుందేలే. 2013లో వాళ్లు చంద్రుడి మీద దింపిన బండికి ఆ కుందేలు పేరే పెట్టారు. మా వీధి తమిళ పిల్లలకు అక్కడ వడలు కాల్చే పాట్టి కనిపిస్తుంది. మా ఇంటి పిల్లలు ఇప్పుడు కుందేలు పక్కన కూర్చుని పాట్టి వడలు వేస్తుందంటున్నారు. నాకు అభ్యంతరం లేదు.

చుక్కల విషయానికొస్తే ఒక వింత ఉంది. ఉత్తరాన ఏడు చుక్కల గుంపును మనం సప్తర్షులంటాం. గ్రీకులు పెద్ద ఎలుగుబంటి అన్నారు. ఎక్కడి ఋషులు, ఎక్కడి ఎలుగు అనుకుంటాం. అయితే సంస్కృతంలో ఋక్షం అంటే ఎలుగే, అందుకే జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటారు. గ్రీకు ఆర్క్‌టోస్ దానికి తోబుట్టువు. సప్తర్షులను పూర్వం ఋక్షాలు అనేవారని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. ఆ ఋక్షమే తెలుగులో రిక్క అయింది. మనం చుక్కను రిక్క అన్న ప్రతిసారీ ఒక ఎలుగుబంటి లోపల దాక్కుని ఉంటుంది.

మృగశిర దగ్గర కథ తిరగబడుతుంది. గ్రీకులకు ఆ గుంపు ఒరాయన్ అనే వేటగాడు, దాని పక్కన మిలమిల మెరిసే పెద్ద చుక్క వాడి కుక్క. మనకు ఆ గుంపు లేడి, ఆ మెరిసే చుక్క మృగవ్యాధుడు, అంటే వేటగాడు. నడుమ వరసగా ఉన్న మూడు చుక్కలు వాళ్లకు వేటగాడి నడికట్టు, మనకు లేడికి గుచ్చుకున్న బాణం. మా అవ్వకు ఈ రెండూ తెలియవు. ఆమె ఆ మూడింటినీ గొల్లకావడి అనేది. నడుమ గొల్ల, రెండు వైపులా కుండలు.

ఆ గుంపులోనే ఎర్రగా ఉండే చుక్క ఆరుద్ర, తమిళంలో తిరువాదిరై. ఈ ఒక్క చుక్కతో నేను ఏటా ఒక పీరియడు గడుపుతాను. తెలుగు వాచకంలో ఆరుద్ర కార్తె అంటే జూన్ చివర, వానలు, నాట్లు. తమిళ ఇళ్లలో తిరువాదిరై అంటే మార్గళి చలి, నటరాజ దర్శనం, కళి. ఒకే చుక్క అటు జూన్‌లోనూ ఇటు డిసెంబరు, జనవరిలోనూ ఎలా వస్తుంది? కార్తె సూర్యుడి లెక్క, సూర్యుడు ఆ చుక్క దగ్గర ఉన్న రోజులు. దర్శనం చంద్రుడి లెక్క, నిండు చంద్రుడు ఆ చుక్క దగ్గరికి వచ్చే రోజు. పున్నమి నాడు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి రెండింటికీ ఆరు నెలల ఎడం. నల్లబల్ల మీద మూడు గుండ్రాలు గీస్తే అర్థమైపోతుంది.

ఇంకో ఇబ్బంది కూడా దీంట్లోనే ఉంది. మృగశిర కార్తెలో తొలకరి పడుతుందని మన పాఠం చెబుతుంది. మన కరిసల్ భూముల్లో జూన్‌లో పడేది వాన కాదు, గాలి. మనకు వాన ఐప్పసి, కార్త్తిగైల్లో ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. పురట్టాసిలో విత్తనాలు సిద్ధం చేసుకునే తండ్రి కొడుకు, జూన్‌లో ఏరువాక అని పరీక్షలో రాయాలి. మన పెద్దలు కార్తెల పేర్లు మూటగట్టుకుని దక్షిణానికి వచ్చారు, ఆ వాన మాత్రం వెంట రాలేదు. పాఠం చెప్పేటప్పుడు ఈ ముక్క కలపండి. లేకపోతే పిల్లలు వాచకం అబద్ధమనుకుంటారు, లేదా నాన్నకు తెలియదనుకుంటారు.

ధ్రువుడి సంగతీ ఇంతే. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున కనిపిస్తుందో అది ఆ ఊరి అక్షాంశం. విజయవాడలో పదహారున్నర డిగ్రీలు. కడంబూరులో తొమ్మిదే. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే ఆ పిడికిలి ఎత్తు సుమారు పది డిగ్రీలు. అంటే ధ్రువుడు మనకు నేల మీద ఒక్క పిడికిలి పైన ఉంటాడు, దుమ్ములో, వేపచెట్ల వెనక. కయత్తారు వైపు గాలిమరలు అడ్డం వస్తే అసలు దొరకడు. ఒకసారి ఒక పిల్ల గాలిమర మీది ఎర్రదీపాన్ని చూపించి, చెవ్వాయ్ సార్ అంది.

ధ్రువుడు దిగినందుకు బదులుగా దక్షిణాన మనకు ఒకరు పైకి వచ్చారు. అగస్త్యుడు. ఆకాశంలో మృగవ్యాధుడి తర్వాత అంత మెరుపున్న చుక్క ఇదే. గ్రీకులు దానికి కనోపస్ అని ఒక ఓడ చుక్కాని పట్టేవాడి పేరు పెట్టారు, అరబ్బులు సుహైల్ అన్నారు. వింధ్యను వంచి దక్షిణానికి వచ్చిన మునిగా మనకు తెలుసు. తమిళులకు మొదటి వ్యాకరణం చెప్పినవాడు, తామ్రపర్ణి పుట్టే పొదిగై కొండల్లో ఉన్నవాడు. విజయవాడలో ఆ చుక్క ఎంత పైకి వచ్చినా ఇరవై ఒక్క డిగ్రీలు దాటదు. మన దగ్గర ఇరవై ఎనిమిది వస్తుంది. 

ఆ మార్కు గురించి చెప్పి ముగిస్తాను. ఇచ్చేశాను. పరీక్షలో తెలుగులో శుక్రుడు అనే రాయాలి, పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్లకు నీ అవ్వ కడియాలు తెలియవు అని వాడికి చెప్పాను. మా స్టాఫ్ రూములో ఒకరు ఇది పద్ధతి కాదన్నారు. కావచ్చు. ఈ ఏడాది నుంచి ఆరో తరగతి నోటు పుస్తకంలో గ్రహాల పట్టికకు మూడు గడులు గీయిస్తున్నాను. ఒకదాంట్లో పాఠంలోని పేరు, ఒకదాంట్లో తమిళం, మూడోదాంట్లో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెచ్చిన పేరు. మూడో గడి ఖాళీగా తెచ్చేవాళ్లే ఎక్కువ. తల్లిదండ్రులకు నా మనవి అదొక్కటే, ఆ గడి నింపి పంపండి. తప్పో ఒప్పో నేను చూసుకుంటాను.

తై నెలాఖరున రాత్రి తొమ్మిది గంటలకు పిల్లలను మిద్దె మీదికి తీసుకెళ్లి దక్షిణం వైపు నిలబెట్టండి. నడినెత్తికి కొంచెం కిందుగా, బాగా మెరిసేది మృగవ్యాధుడు. అక్కడి నుంచి తిన్నగా కిందికి దిగితే, నేల మీద నుంచి మూడు పిడికిళ్ల ఎత్తులో అగస్త్యుడు ఉంటాడు. టార్చిలైటు, సెల్‌ఫోన్ కింద పెట్టి రండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఒక పావుగంట పడుతుంది.